ఇల్లు చేతులు మారే భాష: తెలుగు దస్తావేజులో కుటుంబం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇల్లు పరాయివారికి అమ్మినా, బిడ్డకు ఇచ్చినా, అన్నదమ్ములు పంచుకున్నా ఆ మార్పును స్థిరపరిచేది దస్తావేజు. తెలుగు సాహిత్య పరిశోధనలో శాసనభాషకు దక్కిన శ్రద్ధ, దానికి వారసురాలైన దస్తావేజు భాషకు దక్కలేదు. దస్తావేజులోని పడికట్టు మాటలు అలంకారాలు కావని, ఒక్కొక్కటీ ఏదో ఒక కాలపు వివాదానికి ఇచ్చిన సమాధానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పత్రంలో ‘వ్రాసి యిచ్చినవారు’ ఎవరు, ‘సాక్షి’ ఎవరు, అసలు పేరే లేనివారు ఎవరు అన్న ప్రశ్నల ఆధారంగా తెలుగు కుటుంబంలో, ముఖ్యంగా స్త్రీలకూ వృద్ధులకూ, ఇంటిపై ఉన్న హక్కు ఎలా మారిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దస్తావేజు, క్రయం, దఖలు, భాగపరిష్కారం, పసుపు కుంకుమ, వీలునామా, మితాక్షర, స్త్రీల ఆస్తిహక్కు.

1. ఉపోద్ఘాతం

‘దస్తావేజు’ పారసీక పదం. ‘దస్త్’ అంటే చేయి. చేతికి ఆసరాగా పట్టుకోదగినది అన్న భావంనుంచి ఆధారపత్రం అన్న అర్థం ఏర్పడింది. తెలుగువారు ఇంటి కాగితాలను ఇనప్పెట్టెలో దాచుకోవడం వెనుక ఉన్న భావన కూడా ఇదే. ఇల్లు కళ్లెదుట ఉన్నా, అది తమదని చెప్పుకోవడానికి పట్టుకొమ్మ కాగితమే.

క్రయ దస్తావేజు అపరిచితుల మధ్య జరిగే వ్యవహారమని, దానపత్రం, భాగపత్రం అయినవారి మధ్యవని సాధారణంగా భావిస్తాం. పత్రాలను పరిశీలిస్తే ఈ గీత అంత స్పష్టంగా కనిపించదు. పరాయివారికి రాసే క్రయంలోనూ విక్రేత కుటుంబం సంతకాల వరుసలో నిలబడుతుంది. అయినవారికి రాసే దానంలోనూ పరాయివారితో వ్యవహరించేటంత కచ్చితత్వాన్ని చట్టం కోరుతుంది. కాబట్టి దస్తావేజు చరిత్ర అంటే కుటుంబ సంబంధాలను ఆస్తి భాషలోకి మార్చిన చరిత్ర కూడా. ఈ మార్పిడిలో ఏ మాట నిలిచింది, ఏ మాట కొత్తగా వచ్చింది, ఏ మాట రాయకుండా వదిలేస్తే ఎవరు నష్టపోయారు అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలలో వాడుకలో ఉన్న దస్తావేజు మాదిరులలోని పదబంధాలు, సంబంధిత చట్టాలు, ఉన్నత న్యాయస్థానాల తీర్పులు దీనికి ఆధారం.

2. ధార, సాక్షి, అనుభవం: పూర్వరూపాలు

కల్యాణి చాళుక్య ప్రభువు ఆరో విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దిలో కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేశాడు. వ్యవహారాన్ని నిరూపించడానికి ఈ సంప్రదాయం మూడు మానుష ప్రమాణాలను చెబుతుంది. అవి లిఖితం, సాక్షి, భుక్తి. నేటి దస్తావేజులో రాత, సాక్షి సంతకాలు, ‘స్వాధీనపరచితిని’ అన్న వాక్యం వరుసగా ఈ మూడింటి స్థానాలలోనే ఉన్నాయి.

భూమి ఎలా చేతులు మారాలన్న విషయంలో మితాక్షర ఇచ్చిన వివరణ మన చర్చకు మరింత ముఖ్యం. గ్రామం, జ్ఞాతులు, ఇరుగుపొరుగు, దాయాదులు – ఈ నలుగురి అనుమతి, వీటికి తోడు బంగారంతో, నీటితో కూడిన దానం, మొత్తం ఆరింటి ద్వారా భూమి సంక్రమిస్తుందన్న పూర్వవచనాన్ని విజ్ఞానేశ్వరుడు ఉదహరించి చర్చించాడు. స్థావరాన్ని అమ్మరాదన్న నిషేధం ఒకవైపు, దానానికి ఉన్న ప్రశంస మరోవైపు ఉండడంతో, అమ్మకం తప్పనప్పుడు కూడా దానరూపంలో నీటిధారతో జరపాలన్న సమన్వయం ఏర్పడింది. అంటే మన సంప్రదాయంలో క్రయం మొదటినుంచీ దానపు వేషం ధరించింది. శాసనాలలోని ‘సహిరణ్యోదక ధారాపూర్వకం’ అన్న మాట ఈ నేపథ్యంలోనిదే. నేడు ఎవరైనా ఆస్తిని చేజేతులా వదులుకుంటే ‘ధారాదత్తం చేశాడు’ అంటున్నాం. నీళ్లు పోయడం ఆగిపోయినా మాట నిలిచింది.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో రాజప్రశస్తి సంస్కృతంలో సాగినా, కొన్నింటిలో పొలిమేరలు చెప్పవలసిన చోట తెలుగు చేరుతుంది. ప్రశస్తి పండితులకోసం, హద్దులు ఊరివారికోసం. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు ఇచ్చిన నందంపూడి శాసనానికి కర్త నన్నయభట్టు. ఆదికవిగా మనం గౌరవించే వ్యక్తి ఒక ఆస్తి బదిలీ పత్రాన్ని కూడా రచించాడన్న వాస్తవం, సాహిత్యానికీ దస్తావేజుకూ మధ్య మనం గీసుకున్న గీతను పునరాలోచించేలా చేస్తుంది.

శాసనాలనుంచి దస్తావేజులకు సంక్రమించినవాటిలో ప్రసిద్ధమైనది అష్టభోగాల జాబితా. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిది భోగాలతో, ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’, ‘ఆచంద్రార్కం’, ‘దాన వినిమయ విక్రయాలకు యోగ్యంగా’ అనుభవించమని రాయడం అగ్రహారాలకు తగిన భాష. నూరు గజాల స్థలంలోని ఇంటి క్రయంలోనూ ఈ జాబితా కనిపించడం విశేషం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. అయినా దస్తావేజు మాత్రం నిధిని కొనుగోలుదారుకు ఇస్తూనే ఉంది. హక్కు పరిమితమైనా మాట మిగలడం దస్తావేజు భాష స్వభావం. అయితే ‘దాన వినిమయ విక్రయాలు’ అన్న పదబంధం అలాంటి అవశేషం కాదు. పుచ్చుకున్నవారికి సంపూర్ణ హక్కు వచ్చిందా, అనుభవించే హక్కు మాత్రమే వచ్చిందా అన్నది నేటికీ ఆ మాట ఉండడం, లేకపోవడం మీద ఆధారపడి ఉంటుంది.

3. కచేరీ భాషనుంచి రిజిస్ట్రేషన్ కార్యాలయానికి

ముస్లిం పాలకుల కాలంలో కచేరీ వ్యవహారం పారసీకంలో సాగడంతో ఆస్తి పత్రాల పేర్లు మారాయి. బైనామా అంటే అమ్మకపు పత్రం, హిబానామా దానపత్రం, రహన్‌నామా తనఖాపత్రం. ‘దఖలు’, ‘దస్తూరి’, ‘రుజువు’, ‘తనఖా’ వంటి మాటలు తెలుగులో కలిసిపోయాయి. ఆంగ్లేయుల కాలంలో ‘విల్’ అన్న ఆంగ్లపదానికి ‘నామా’ చేరి ‘వీలునామా’ పుట్టింది. సి.పి. బ్రౌన్ కచేరీలలో వినిపించే ఇలాంటి అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేక నిఘంటువును ప్రచురించాడు. హెచ్.హెచ్. విల్సన్ 1855లో న్యాయ, రెవెన్యూ పారిభాషిక పదకోశాన్ని వెలువరించాడు. పాలకులకు ఈ మాటలు తెలియకపోతే ప్రజల ఆస్తి తగాదాలు అర్థం కాని పరిస్థితి అప్పటికే ఏర్పడిందనడానికి ఈ రెండు గ్రంథాలే నిదర్శనం.

బ్రిటిషిండియాలో కొన్ని పత్రాలకు నమోదును తప్పనిసరి చేసిన మొదటి చట్టం 1864 నాటి 16వ చట్టం. ఇది 1865 జనవరి 1నుంచి అమలైంది. 1866, 1871, 1877 సంవత్సరాల చట్టాల తర్వాత నేటికీ అమలులో ఉన్న 1908 రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఈ మధ్యకాలంలోనే 1872 కాంట్రాక్టు చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం, 1899 స్టాంపు చట్టం రూపొందాయి. నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిని నమోదైన పత్రం ద్వారానే అమ్మాలని 1882 చట్టం నిర్దేశించింది. స్థిరాస్తి దానానికైతే విలువతో నిమిత్తం లేకుండా నమోదూ, కనీసం ఇద్దరు సాక్షుల ధ్రువీకరణా తప్పనిసరి. ఆ నూరు రూపాయల పరిమితి మారలేదు. అప్పట్లో అది చిన్న పాకలకు మినహాయింపునిచ్చి ఉండవచ్చు. నేడు ఏ ఇంటికీ మినహాయింపు లేదు.

ఈ చట్టాలు ప్రమాణాల వరుసను తారుమారు చేశాయి. లిఖితం, సాక్షి, భుక్తి అనే మూడింటిలో ‘అనుభవం’ ఊరిలో అన్నిటికన్నా బలమైన రుజువు. తరతరాలుగా ఒక ఇంట్లో ఉన్నవారిని ఎవరూ ప్రశ్నించరు. కొత్త చట్టంతో నమోదైన లిఖితం ముందుకొచ్చింది, అనుభవం వెనక్కు వెళ్లింది. తెలంగాణలో ‘సాదా బైనామా’గా పేరుపడ్డ తెల్లకాగితపు క్రయాలు ఈ మార్పు మిగిల్చిన సమస్యే. డబ్బు చెల్లించి, పెద్దమనుషుల ఎదుట కాగితం రాయించుకుని, స్వాధీనంలో ఉన్నవారు కూడా చట్టం దృష్టిలో యజమానులు కాలేదు. వ్యవసాయభూముల విషయంలో వాటిని క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వాలు ప్రత్యేక అవకాశాలు కల్పించవలసి వచ్చింది. పట్టణాలలో ఇదే సమస్య జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అమ్మకాల రూపంలో కనిపించింది. అధికారపత్రం, అమ్మకపు ఒప్పందం, వీలునామా కలిపి రాయించుకున్నంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

4. క్రయ దస్తావేజులో విక్రేత కుటుంబం

సంప్రదాయిక క్రయ దస్తావేజు నిర్మాణం దాదాపు స్థిరమైనది. తేదీ, కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు, ఆస్తి తమకు సంక్రమించిన తీరు, అమ్మడానికి కారణం, ప్రతిఫలం, స్వాధీనం, హామీలు, షెడ్యూలు, చెక్కుబందీ, సంతకాలు, సాక్షులు, వ్రాసినవారి దస్తూరి వరుసగా వస్తాయి. వీటిలో సంక్రమణం, కారణం, సంతకాలు అనే మూడింటిని ఇక్కడ పరిశీలిద్దాం.

సంక్రమణాన్ని చెప్పే వాక్యంలో ‘పిత్రార్జితం’, ‘స్వార్జితం’ అన్న రెండు మాటలలో ఏది వాడారన్నదే ప్రధానం. స్వార్జితమైన ఇంటిని యజమాని ఒక్కడే అమ్మవచ్చు. పిత్రార్జితమైతే మితాక్షర న్యాయం ప్రకారం పుట్టుకతోనే హక్కు పొందినవారు వెనుక ఉంటారు. అందుకే కారణాన్ని చెప్పే వాక్యం అవసరమైంది. ‘నా కుటుంబ అవసరముల నిమిత్తము’, ‘పూర్వఋణములు తీర్చుటకు’, ‘కుమార్తె వివాహ నిమిత్తము’ వంటి మాటలు విక్రేత తన బాధ చెప్పుకోవడానికి రాసినవి కావు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని నిర్వహించే వ్యక్తి కుటుంబావసరం కోసమో, ఆస్తి శ్రేయస్సు కోసమో మాత్రమే దానిని అన్యాక్రాంతం చేయగలడు. ఆ అవసరం ఉందో లేదో విచారించుకోవలసిన బాధ్యత పుచ్చుకునేవారిది. 1856లో ప్రివీ కౌన్సిల్ హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో ఈ సూత్రాన్ని నిర్ధారించింది. రేపు కొడుకు ఎదిగి ప్రశ్నిస్తే కొన్నవారు చూపించడానికి ఆ వాక్యం పత్రంలో ఉండాలి.

సంతకాల వరుసకూ మూలం ఇదే. తండ్రి తనకోసం, మైనరు కుమారుల తరఫున సంరక్షకుడుగా సంతకం చేయడం, ఎదిగిన కుమారులు ‘వ్రాసి యిచ్చినవారు’గా చేరడం పిత్రార్జితపు ఇంటి అమ్మకాలలో మామూలు. ఎదిగిన కుమారుడిని సాక్షిగా మాత్రమే సంతకం పెట్టించే అలవాటు కూడా ఉండేది. ఈ రెంటికీ తేడా పెద్దది. సాక్షి సంతకం పత్రం రాసిచ్చిన సంగతిని ధ్రువీకరిస్తుంది. అది ఒక్కటే అతడికి పత్రంలోని విషయం తెలుసనిగాని, తన హక్కును వదులుకున్నాడనిగాని నిరూపించదు. ఒకే వ్యక్తి పేరు కాగితంపై నాలుగు అంగుళాలు పైకో కిందికో జరిగితే హక్కు స్వరూపం మారుతుంది.

ఈ వరుసలో కూతురు పేరు చాలా కాలం లేదు. పెళ్లి ఖర్చు అమ్మకానికి కారణంగా పత్రం మధ్యలో ఆమె ప్రస్తావన వస్తుంది. చివర సంతకాల చోట రాదు. ఇల్లు అమ్మడానికి ఆమె కారణమే తప్ప కర్త కాదు.

5. కుటుంబం లోపల నాలుగు పత్రాలు

ఇంటిని అయినవారికి సంక్రమింపజేయడానికి తెలుగునాట ప్రధానంగా నాలుగు రకాల పత్రాలు వాడుకలో ఉన్నాయి. మాటల్లో అన్నింటినీ ‘రాసిచ్చాడు’ అనే అంటాం. వాటి ఫలితాలు మాత్రం వేరు.

మొదటిది దానం లేక దఖలు దస్తావేజు. వాడుకలో దీనినే సెటిల్మెంటు అంటారు. దాతకు ఆప్తులైనవారికి, ఆధారపడినవారికి, వివాహ సందర్భంలో ఇచ్చే ఏర్పాట్లను స్టాంపు చట్టం సెటిల్మెంటుగా నిర్వచించింది. ఆస్తి బదిలీ చట్టంలో దానికి వేరు అధ్యాయం లేదు. ప్రతిఫలం లేకుండా ఇచ్చే సెటిల్మెంటును దాని సారాన్ని బట్టి దానంగానే పరీక్షిస్తారు. దాత బతికుండగానే హక్కు మారిపోతుంది, పుచ్చుకున్నవారు దాత జీవితకాలంలో స్వీకరించాలి. ముస్లిం కుటుంబాలలో హిబా విషయం వేరు. ప్రకటన, స్వీకారం, స్వాధీనం అనే మూడూ నెరవేరితే, రాతలో ఉన్నంత మాత్రాన నమోదు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో తేల్చింది.

రెండోది భాగపరిష్కారం. ఉమ్మడి కుటుంబంలో పంపకం నోటిమాటగా కూడా చెల్లుతుంది. జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకార్థం రాసుకున్న కాగితానికి నమోదు అక్కర్లేదు. ఆ కాగితం ద్వారానే పంపకం జరిగితే మాత్రం నమోదు కావాలి. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు కుటుంబ పరిష్కారాల విషయంలో ఈ భేదాన్ని విశదీకరించింది. ‘పంచుకున్నాము’ అని రాశారా, ‘ఇందుమూలముగా పంచుకొనుచున్నాము’ అని రాశారా అన్న క్రియారూపమే పత్రం చెల్లుబాటును నిర్ణయించగలదు. వ్యాకరణంలో కాలభేదంగా చెప్పుకునేది ఇక్కడ హక్కుభేదం అవుతుంది.

మూడోది హక్కు విడుదల పత్రం. ఆస్తిలో ఇప్పటికే వాటా ఉన్నవారు, అలాగే వాటా ఉన్న మరొకరికి తమ హక్కును వదులుకోవడానికి ఇది ఉపకరిస్తుంది. వాటాయే లేని వ్యక్తికి ఇవ్వాలంటే దానమో క్రయమో రాయాలి.

నాలుగోది వీలునామా. ఇది రాసినవారి మరణానంతరమే అమలవుతుంది, బతికినంతకాలం మార్చుకోవచ్చు. స్టాంపు సుంకం లేదు, నమోదు ఐచ్ఛికం. పత్రానికి ‘దాన దస్తావేజు’ అని శీర్షిక పెట్టి లోపల ‘నా తదనంతరము నీకు చెందవలెను’ అని రాస్తే అది దానమా వీలునామా అన్న వివాదం తప్పదు. న్యాయస్థానం శీర్షికను కాక సారాన్ని చూస్తుంది. తెలుగులో ‘చెందవలెను’, ‘చెందినది’ అన్న రెండు రూపాల మధ్య దశాబ్దాల వ్యాజ్యాలు నలిగిపోవడానికి కారణం ఇదే.

6. పసుపు కుంకుమనుంచి సమాన వాటాకు

కూతురికి ఇంటినిగాని, భూమినిగాని ‘పసుపు కుంకుమల నిమిత్తం’ ఇవ్వడం తెలుగు ప్రాంతాలలో గౌరవప్రదమైన ఆచారం. పెళ్లిపందిట్లో పెద్దల ఎదుట చెప్పిన మాటకు ఊరిలో విలువ ఉంది. అయితే ఆ మాట దానంగానే మిగిలినప్పుడు, నమోదైన పత్రం లేని కారణంగా ఆమెకు అనుభవం దక్కినా హక్కు అనుమానంలో పడింది. తండ్రి బతికినంతకాలం రాని ప్రశ్న అన్నదమ్ముల కాలంలో వస్తుంది. ఆచారం ఇచ్చినదాన్ని పత్రం లేకపోవడం వెనక్కు తీసుకునే స్థితి ఇది.

పత్రం ఉన్నచోట కూడా స్త్రీకి రాసే భాష వేరుగా ఉండేది. ‘జీవితాంతము అనుభవించి, తదనంతరము వారసులకు చెందునట్లు’ అన్నది వితంతువులకు భరణం కింద ఇచ్చే ఆస్తి పత్రాలలో స్థిరపడిన వాక్యం. పురుషుడికి ‘దాన వినిమయ విక్రయాలు’, స్త్రీకి ‘జీవితాంతము’. ఈ వాక్యపు విలువను దేశస్థాయిలో మార్చిన వ్యాజ్యం నెల్లూరులో మొదలైంది. భర్త 1931లో మరణించగా తులసమ్మ 1944లో భరణంకోసం జిల్లా మున్సిఫ్ కోర్టును ఆశ్రయించారు. 1949లో కుదిరిన రాజీ ప్రకారం ఆమెకు కొంత ఆస్తి జీవితకాలపు పరిమిత హక్కుతో దక్కింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత 1961లో అమ్మారు. ఆ అధికారం ఆమెకు లేదని భర్త తరఫు బంధువు శేషారెడ్డి దావా వేశారు. 1977లో సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పును కాదని, తులసమ్మ పక్షాన తీర్పునిచ్చింది. భరణం ఆమెకు ముందే ఉన్న హక్కు కాబట్టి, దానికి బదులుగా వచ్చిన ఆస్తి చట్టంలోని 14వ సెక్షను మొదటి ఉపవిభాగం ప్రకారం ఆమెకు సంపూర్ణంగా చెందిందని న్యాయస్థానం నిర్ణయించింది. పత్రంలో ‘పరిమితం’ అని రాసినా, ఆమె హక్కు పత్రంనుంచి పుట్టలేదు. పత్రం ఆ హక్కును గుర్తించింది, అంతే. కొత్తగా హక్కు సృష్టించి షరతు విధించే పత్రాలకు రెండో ఉపవిభాగం వర్తిస్తుంది. ఈ రెంటి మధ్య గీతపై పరస్పర భిన్నమైన తీర్పులు వెలువడడంతో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

నివాసగృహం విషయంలో 1956 చట్టంలోనే మరొక అడ్డంకి ఉండేది. స్త్రీ, పురుష వారసులిద్దరూ ఉండి, ఆ ఇంట్లో పూర్తిగా కుటుంబసభ్యులే నివసిస్తున్నప్పుడు, పురుష వారసులు పంచుకోదలచేవరకు స్త్రీ వారసురాలు ఇంటి విభజన కోరరాదని 23వ సెక్షను నిర్దేశించింది. అవివాహిత, భర్త విడిచిపెట్టిన లేక భర్తనుంచి విడిపోయిన కూతురు, వితంతువైన కూతురు మాత్రమే అక్కడ నివసించవచ్చు. పొలంలో వాటా అడగగలిగిన కూతురు తాను పుట్టిన ఇంట్లో మాత్రం అన్నదమ్ముల ఇష్టం వచ్చేదాకా ఆగాలి. ‘పుట్టిల్లు’ అన్న మాటకు మన సాహిత్యం ఇచ్చిన ఆర్ద్రత చట్టంలో హక్కుగా మారడానికి అర్ధశతాబ్దం పట్టింది. 2005 సవరణ ఈ సెక్షనును తొలగించింది.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మతః హక్కు కల్పించడంలో ఆంధ్రప్రదేశ్ ముందుంది. 1986లో వచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5నుంచి అమలైంది. అయితే ఆ తేదీకి ముందే వివాహమైనవారికి అది వర్తించలేదు. దేశమంతటా వర్తించే 2005 సవరణ సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చి వివాహ భేదాన్ని తొలగించింది. అందులో దస్తావేజుకు సంబంధించిన కీలకమైన అంశం ఒకటి ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ఈ సవరణ కదిలించదు. కానీ పంపకం అంటే నమోదైన భాగపత్రం ద్వారాగాని, కోర్టు డిక్రీ ద్వారాగాని జరిగినదే. ‘ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం’ అని చెప్పి కూతుళ్ల వాటాను తప్పించకుండా చేసిన ఏర్పాటు ఇది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కర్లేదని తేలుస్తూ, నోటి పంపకపు వాదనను ప్రభుత్వ పత్రాల బలం ఉన్న అసాధారణ సందర్భాలకే పరిమితం చేసింది. పసుపు కుంకుమ విషయంలో కూతురికి నష్టం చేసిన ‘నమోదైన పత్రం’ అన్న నియమమే ఇక్కడ ఆమెకు రక్షణ అయింది.

ఫలితంగా పిత్రార్జితపు ఇంటి అమ్మకంలో కూతుళ్ల సంతకం కోరడం కొనుగోలుదార్ల సాధారణ జాగ్రత్తగా మారింది. అయితే సంతకాల వరుసలోకి ఆమె రాక రెండు రకాలుగా జరుగుతోంది. ఒకటి ధరలో వాటా పొందే విక్రేతగా. రెండోది పుట్టింటి సంబంధం చెడకూడదని ఏ ప్రతిఫలమూ లేకుండా హక్కు విడుదల పత్రం రాసిచ్చే తోబుట్టువుగా. రెండింటిలోనూ ఆమె కర్తే. కానీ హక్కు రావడంతోనే దానిని వదులుకునే పత్రానికి గిరాకీ పెరగడం ఈ చరిత్రలో గమనించదగిన వైరుధ్యం.

7. ‘ప్రేమాభిమానములచేత’: రాసిన కారణం, రాయని షరతు

కుటుంబ దానపత్రాలలో ప్రతిఫలం స్థానంలో ‘నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత’ అన్న మాట వస్తుంది. సమీప బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో రాసి నమోదు చేసిన ఒప్పందం ప్రతిఫలం లేకున్నా చెల్లుతుందని చెప్పిన 1872 కాంట్రాక్టు చట్టపు భాషను ఇది గుర్తుకు తెస్తుంది. పూర్వపు దానశాసనాలలో దానకారణం పుణ్యం. ఆధునిక దానపత్రంలో కారణం ప్రేమ.

ఇక్కడ చిక్కు ఉంది. వృద్ధులైన తల్లిదండ్రులు ఇంటిని కొడుకుకో కూతురికో రాసిచ్చేటప్పుడు, చివరివరకు చూసుకుంటారన్న నమ్మకం వారి మనసులో షరతే. పత్రంలో మాత్రం అది షరతుగా కాక ప్రేమగా నమోదవుతుంది. షరతు రాయడం బిడ్డను శంకించినట్లవుతుందన్న మొగమాటం మన కుటుంబాలలో బలమైనది. తీరా ఆదరణ కరవైతే, దస్తావేజులో ఉన్న ప్రేమ వారికి ఆధారం కాదు. లేని షరతు కావాలి.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చింది. కనీస సౌకర్యాలూ అవసరాలూ చూడాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, పుచ్చుకున్నవారు విస్మరిస్తే, ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని వృద్ధులు ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, అలాంటి షరతు ఉన్నట్లు నిరూపించాలని, కేవలం ప్రేమతో ఇచ్చిన దానానికి ఈ సెక్షను వర్తించదని చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే న్యాయస్థానం, ఇది సంక్షేమ చట్టం కాబట్టి ఉదారంగా అన్వయించాలని పేర్కొని, తల్లి ఇచ్చిన దానాన్ని రద్దు చేసింది. ఆ కేసులో పోషణ బాధ్యతను అంగీకరించే పత్రం కూడా ఉంది. రెండు తీర్పులనూ కలిపి చదివితే, న్యాయస్థానం ఉదారంగా ఉన్నప్పుడు కూడా మనసులోని షరతుకు కాగితంపై జాడ ఉండడం ఎంత అవసరమో తెలుస్తుంది.

జాగ్రత్తకు మార్గాలు లేకపోలేదు. దాత తన జీవితకాలం ఆ ఆస్తిని అనుభవించే, అద్దెలు తీసుకునే హక్కును ఉంచుకుని కూడా దానం చేయవచ్చని, స్వాధీనం అప్పగించనంత మాత్రాన దానం చెల్లకపోదని 2014లో రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అంటే ‘జీవితాంతము అనుభవించి’ అన్న పాత వాక్యం ఇప్పుడు చోటు మారింది. ఒకప్పుడు అది వితంతువు హక్కును కుదించింది. నేడు దాతయైన తల్లికో తండ్రికో నీడను కాపాడుతుంది. వాక్యం ఒక్కటే, అది ఎవరి పక్షాన నిలబడిందన్నదే మారింది.

ఒకసారి నమోదైన బదిలీని రాసిచ్చినవారు ఏకపక్షంగా రద్దు దస్తావేజుతో వెనక్కు తీసుకోలేరన్న సూత్రం కూడా తెలుగు నేలమీది వ్యాజ్యంలోనే బలపడింది. క్రయ దస్తావేజుల విషయంలో 2010లో తోట గంగాలక్ష్మి కేసులో సుప్రీంకోర్టు ఈ మేరకు తీర్పునిచ్చింది. కోపం వచ్చిన రోజున చించేయడానికి దస్తావేజు ఉత్తరం కాదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

ఒకటి, తెలుగు దస్తావేజు భాష శాసన సంప్రదాయం, పారసీక కచేరీ పదజాలం, ఆంగ్ల చట్టాల భావనలు అనే మూడు పొరల కలయిక. అష్టభోగాలు, దఖలు, షెడ్యూలు ఒకే పుటలో కనిపించడం ఇందుకు నిదర్శనం.

రెండు, దస్తావేజులోని పడికట్టు మాటలన్నీ సమానం కావు. ‘నిధి నిక్షేపాలు’ వంటివి ప్రయోజనం తగ్గి మిగిలిన అవశేషాలు. ‘పిత్రార్జితం’, ‘కుటుంబ అవసరాలు’, ‘జీవితాంతం’, ‘చెందవలెను’ వంటివి నేటికీ హక్కును నిర్ణయించే మాటలు. ఈ భేదాన్ని గుర్తించకుండా పాత మాదిరిని యథాతథంగా నకలు చేస్తే కుటుంబం ఉద్దేశించని ఫలితం వస్తుంది.

మూడు, సంతకాల వరుస కుటుంబచరిత్రకు నమ్మకమైన ఆధారం. కూతురు వ్యయకారణంనుంచి వ్రాసి యిచ్చే వ్యక్తిగా మారిన క్రమం 1956, 1986, 2005 చట్టాల వెంట ఆ వరుసలో చదవవచ్చు. ఆమె అక్కడ హక్కుదారుగా ఉందా, హక్కు వదులుకునే తోబుట్టువుగా ఉందా అన్నది ఇకపై ప్రాంతాలవారీగా పరిశీలించవలసిన అంశం.

నాలుగు, కుటుంబ దస్తావేజులో ప్రమాదం రాసిన మాటల్లో కన్నా రాయని మాటల్లో ఎక్కువ. ప్రేమను రాసి షరతును రాయకపోవడం వల్ల నష్టపోయేది తరచుగా ఇల్లు ఇచ్చినవారే.

శాసనభాషను అధ్యయనం చేయడంలో తెలుగు శాఖలకు దీర్ఘమైన అనుభవం ఉంది. అదే పద్ధతిని 1865 తర్వాతి దస్తావేజులకు వర్తింపజేస్తే, భాషాచరిత్రతోపాటు తెలుగు ఇంటి లోపలి చరిత్ర కూడా వెలుగులోకి వస్తుంది. సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాలలోని పాత సంపుటాలు శిథిలం కాకముందే ఆ పని మొదలు కావాలి.